వేళ్ళ బూట్లతో కొండదారి పరుగు: కొలత తీయడం నుంచి తొలి 5 కిలోమీటర్ల దాకా

మామూలు రన్నింగ్ షూ అర సైజు అటూ ఇటూ అయినా కాలు సర్దుకుంటుంది. లేసు బిగించుకోవచ్చు, మందపాటి సాక్సు వేసుకోవచ్చు. వేళ్ళ బూట్లలో ఆ వెసులుబాటు లేదు. ఒక్కో వేలికి విడిగా ఒక్కో అర, అంటే చిన్న గది ఉంటుంది. చిటికెన వేలు తన అరలోకి సగమే దిగిందనుకోండి, మిగతా సగం ఖాళీగా వేలాడుతూ దారిలో ఎదురైన మొదటి వేరుకే తగులుకుంటుంది. అందుకే ఎంపిక మోడల్ పేరుతో మొదలు కాకూడదు. ముందు కాలు, తర్వాత మీరు పరిగెత్తే నేల, ఆ తర్వాత సోల్, అన్నిటికన్నా చివర మోడల్. ఈ వరస తిరగేసి కొన్న జతలే ఎక్కువగా అటకెక్కుతాయి.

కొనే ముందు తేల్చుకోవాల్సింది

వేళ్ళ బూట్లంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది విబ్రామ్ ఫైవ్‌ఫింగర్స్. 1937 నుంచి పర్వతారోహకుల బూట్లకు రబ్బరు సోల్ చేస్తూ వచ్చిన ఇటలీ కంపెనీ విబ్రామ్. రాబర్ట్ ఫ్లిరి అనే డిజైనర్ ఆలోచనను తీసుకుని 2000ల మధ్యలో ఈ బూట్లను మార్కెట్లోకి తెచ్చింది. వీటితో కాలి కండరాలు బలపడతాయని, గాయాలు తగ్గుతాయని చేసిన ప్రచారానికి ఆధారాలు లేవంటూ అమెరికాలో 2012లో దావా పడింది. 2014లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. అంతకు ముందు ఏడాది, 2013లో, అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు 36 మంది అనుభవం ఉన్న రన్నర్లను తీసుకున్నారు. వాళ్ళలో 19 మందిని 10 వారాలపాటు క్రమంగా ఈ బూట్లలోకి మార్చి, పాదాలకు ఎమ్ఆర్ఐ తీశారు. ఆ 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్టు కనిపించింది. మామూలు బూట్లతోనే పరిగెత్తిన 17 మందిలో అది ఒక్కరికే.

కాబట్టి గాయాలు తగ్గుతాయన్న ఆశతో కొనకండి. నేల తెలియడం కోసం కొనండి. బండ అంచు ఎక్కడుందో, మట్టి ఎక్కడ జారుతోందో అరికాలికి వెంటనే తెలుస్తుంది. వేళ్ళు విడివిడిగా కదిలి బండను పట్టుకుంటాయి. కాలు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మందపాటి ఫోమ్ మీద ఉన్నట్టు మడమ అటూ ఇటూ ఊగదు. ఇదే ఈ బూట్ల అసలు లాభం, చిన్న లాభమేమీ కాదు.

వీటి జోలికి వెళ్ళకూడని వాళ్ళు కూడా ఉన్నారు. షుగర్ వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకు ముల్లు దిగినా తెలియదు, ఆ పుండు త్వరగా మానదు. వాళ్ళకు ఈ బూట్లు వద్దే వద్దు. పుట్టుకతో రెండు వేళ్ళు కలిసిపోయి ఉన్నవాళ్ళకు ఇవి పట్టవు. బొటనవేలి కీలు బయటికి పొడుచుకొచ్చి చూపుడు వేలి మీదకి ఒరిగినవాళ్ళు తప్పనిసరిగా తొడిగి చూశాకే కొనాలి. గడిచిన ఏడాదిలో పాదం ఎముకకు సన్న పగులు వచ్చినవాళ్ళు డాక్టరును అడగకుండా కొనకూడదు.

మొదటి అడుగు: కాలి కొలత

సాయంత్రం తీయండి. పగలంతా నిలబడి, తిరిగి ఉంటాం కాబట్టి అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగులోనూ ఉబ్బేది అలాగే.

గోడకు ఆనించి నేల మీద ఒక గట్టి కాగితం పరవండి. మడమ గోడకు తగిలేలా నిలబడి, ఒంటి బరువంతా ఆ కాలి మీదే వేయండి. కూర్చుని తీసిన కొలత కన్నా ఇది కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది, కావలసింది ఇదే. పెన్సిలును నిటారుగా పట్టుకుని ప్రతి వేలి కొసన ఒక గీత గీయండి. వంచి పట్టుకుంటే గీత వేలి కిందకి వెళ్ళి కొలత తగ్గుతుంది. రెండు కాళ్ళూ తీయాలి. చాలామందికి ఒక కాలు కాస్త పొడవు.

ఇప్పుడు గోడ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి గీత దాకా మిల్లీమీటర్లలో కొలవండి. అది బొటనవేలే కానక్కర్లేదు. చూపుడు వేలు పొడవైనవాళ్ళు మనలో చాలామంది. వాళ్ళు బొటనవేలి కొలతతో ఆర్డర్ చేస్తే చూపుడు వేలు అర కొసకు గుద్దుకుని, దిగుడు దారిలో గోరు నల్లబడుతుంది. కంపెనీ సైజు పట్టికలో మీ మామూలు షూ నంబరు చూడకండి, ఈ మిల్లీమీటర్ల సంఖ్యే చూడండి. ఆడవాళ్ళ సైజులు, మగవాళ్ళ సైజులు వేరు వేరు అచ్చుల మీద చేస్తారు. నంబరు ఒకటే అయినా వెడల్పు వేరు. పాదం వెడల్పుగా ఉన్న ఆడవాళ్ళకు ఒక్కోసారి మగవాళ్ళ జతే బాగా కుదురుతుంది.

కొలత రెండు సైజుల మధ్యన పడితే సాక్సు లేకుండా వేసుకునేవాళ్ళు చిన్నది, వేళ్ళ సాక్సుతో వేసుకునేవాళ్ళు పెద్దది తీసుకోవాలి. మామూలు షూలో వదిలే బొటనవేలి వెడల్పంత ఖాళీ ఇక్కడ వదలకూడదు. వేలి కొసకీ అర కొసకీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్లు చాలు.

రెండో అడుగు: మీ నేల ఎలాంటిది?

విదేశీ రివ్యూలు ఎక్కువగా చిత్తడి అడవిదారులను, పైన్ ఆకులు పరుచుకున్న దారులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన నేలల సంగతి వేరు.

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ బండలు, వాటి మీద పలుచగా పరుచుకున్న మొరం. బండ పొడిగా ఉంటే రబ్బరు బాగా పట్టేస్తుంది. మొరం మాత్రం బండకూ సోల్‌కూ మధ్య గోళీల్లా దొర్లుతుంది. ఇక్కడ లోతైన గుబ్బలున్న సోల్ కన్నా, నేలకు ఎక్కువ రబ్బరు ఆనే పొట్టి గుబ్బల సోల్ నయం. వికారాబాద్ అనంతగిరి వైపు ఎర్రమట్టి, చెట్ల వేర్లు. ఇలాంటి చోట వేళ్ళు తగులుకోవడమే పెద్ద సమస్య. విశాఖ కంబాలకొండ లాంటి ఎర్రమట్టి వాలుల్లో వానాకాలం గుబ్బలు లేని సోల్ తో దిగడం కష్టం. నల్లరేగడి తడిసిందంటే ఏ బూటుకీ లొంగదు. వేళ్ళ బూట్లకైతే వేళ్ళ సందుల్లో కూడా మట్టి ముద్ద కట్టి, నాలుగు అడుగులకే ఐదు అరలూ కలిసి ఒకే ముద్ద అవుతాయి. ఆ నేలకు ఇవి పనికిరావు.

ముళ్ళ గురించి విడిగా చెప్పుకోవాలి. పల్లేరు కాయ ముల్లు పొట్టిది, గట్టిది. మందపాటి ట్రయల్ సోల్, అంటే కొండదారి పరుగు కోసం చేసిన సోల్, దాన్ని చాలావరకు ఆపుతుంది. పలచని సోల్ ఆపలేదు, వేళ్ళ మధ్య గుడ్డ అసలే ఆపలేదు. సర్కారు తుమ్మ ముల్లు సైకిల్ టైరులోకే దిగుతుంది. దాన్ని ఆపే వేళ్ళ బూటు లేదు. తుమ్మ కంపలు కొట్టి దారి పక్కన పడేసిన చోట, చెరువు కట్టల మీద, ఊరి బయట బీళ్ళలో వీటితో పరిగెత్తకండి. దారి మీకు కొత్తదైతే ముందొకసారి మామూలు షూతో నడిచి చూసి రండి.

వేడి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కాక బండ వేడి పలచని రబ్బరులోంచి అరికాలికి నేరుగా వస్తుంది. ఆ రెండు నెలలూ తెల్లవారుజాము పరుగే.

మూడో అడుగు: సోల్ చూడటం

సోల్‌లో చూడాల్సినవి మూడు: రబ్బరు రకం, గుబ్బల లోతు, రాయి పోటును ఆపే పొర.

రబ్బరు మెత్తనైతే తడి బండ మీద పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. విబ్రామ్‌లో మెగాగ్రిప్ అనే రబ్బరును తడి రాతి మీద పట్టు కోసమే చేశారు. వాగులు దాటే దారులు, పాచి పట్టిన మెట్లు ఉన్నచోట అదే కావాలి. పచ్చి పాచి మీద మాత్రం ఏ రబ్బరునూ నమ్మకండి.

గుబ్బలు 2 నుంచి 4 మిల్లీమీటర్లు చాలు. అంతకు మించితే ఒక్కో గుబ్బ కింద రాయి ఉన్నట్టు అరికాలికి తెలుస్తూ ఉంటుంది, ఎందుకంటే ఆ ఒత్తిడిని సర్దే ఫోమ్ పైన లేదు.

ఇక పోటును ఆపే పొర. మామూలు ట్రయల్ షూలు చాలావాటిలో గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది పెడితే వేళ్ళు వంగవు కాబట్టి వేళ్ళ బూట్లలో పెట్టరు. ఫైవ్‌ఫింగర్స్ ట్రయల్ మోడళ్ళలో దాని బదులు సోల్ లోపల జాలీ లాంటి నేత పొర ఉంటుంది. రాయి మొన ఒక్కచోటే పొడవకుండా ఆ ఒత్తిడిని చుట్టూ పరుస్తుంది.

బూటు చేతికొస్తే ఇలా చూడండి. శనగగింజంత కోసు రాయిని గట్టి నేల మీద పెట్టి, దాని మీద బూటు ఆనించండి. బూటు లోపలికి చెయ్యి పెట్టి బొటనవేలితో గట్టిగా అదమండి. రాయి మొన స్పష్టంగా, సూదిలా తగిలితే ఆ సోల్ పార్కుకే. మొన తెలియకుండా గుండ్రని ఎత్తుగా మాత్రమే తెలిస్తే కొండదారికి పనికొస్తుంది. ఏమీ తెలియకపోతే, ఇన్ని వేళ్ళ అరల కష్టం పడి ఆ బూటు కొనాల్సిన పని లేదు.

నాలుగో అడుగు: మోడల్

ఫైవ్‌ఫింగర్స్‌లో కొండదారి కోసం చేసినవి వీ-ట్రయల్, పాతవాటిలో స్పైరిడాన్. కేఎస్‌ఓ ఈవో పలచన, జిమ్‌కు బాగుంటుంది. వీ-రన్ రోడ్డుకు. వీ-ఆక్వా నీళ్ళకు. అన్నిటికీ ఒకే జత సరిపెట్టుకుందామని కేఎస్‌ఓ కొని మొరం మీదకి వెళ్ళడం తరచూ జరిగే పొరపాటు. మొదటి జత ట్రయల్ మోడలే కావాలి. అలవాటైన కాలికి పలచనిది తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

నకిలీలు చాలా ఉన్నాయి. డబ్బా తెరవగానే గుప్పున జిగురు వాసన, వేలితో అదిమితే వంగని గట్టి రబ్బరు, ఎడమ కుడి బూట్ల అరలు ఒకదానికొకటి సరిపోలకపోవడం నకిలీ గుర్తులు. విదేశం నుంచి తెప్పిస్తే తిప్పి పంపే ఖర్చు బూటు ధరలో పెద్ద ముక్కే అవుతుంది. మార్పిడి సౌకర్యం ఉన్నచోటే కొనండి, సీజన్ ఆఫర్ కోసం దాన్ని వదులుకోకండి.

వేళ్ళు అరల్లోకి ఎంతకీ కుదరనివాళ్ళు బాధపడక్కర్లేదు. మడమకీ ముందు పాదానికీ ఎత్తు తేడా లేకుండా, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉండే మామూలు ఆకారపు బూట్లున్నాయి: జీరో కంపెనీ మెసా ట్రయల్, వివోబేర్‌ఫుట్ కంపెనీ ప్రైమస్ ట్రయల్ లాంటివి. వేళ్ళు విడిగా కదలవన్న మాటే గానీ నేల తెలియడంలో పెద్ద తేడా ఉండదు.

ఐదో అడుగు: తొడిగి చూడటం

లేసు పూర్తిగా వదులు చేయండి. మడమ గుడ్డను వెనక్కి మడవండి. పాదాన్ని లోపలికి జార్చి నేల మీద చదునుగా ఆనించండి. గాలిలో ఎత్తి తొడిగితే వేళ్ళు ముడుచుకుపోతాయి. ముందు బొటనవేలు దాని అరలోకి వెళ్ళిందో లేదో చూసుకుని, వరసగా ఒక్కోటీ పంపండి. చిటికెన వేలు చివర. అది దానంతటది వెళ్ళదు, అర బయటి అంచును చేత్తో లాగి పట్టుకుని లోపలికి నెట్టాలి. వేళ్ళన్నీ కుదిరాకే మడమ ఎక్కించండి. మొదటిసారి ఒక్కో కాలికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వారం తిరిగేసరికి అరనిమిషం.

ఇప్పుడు లేచి నిలబడి చూడండి. వేళ్ళ మొదట్లో సందుకు బూటు గుడ్డ మెత్తగా తగులుతూ ఉండాలి. తగలకుండా ఖాళీ ఉంటే వేలు అరలోకి పూర్తిగా దిగలేదు, బూటు చిన్నది. గట్టిగా కోస్తూ తగిలితే పాదం ముందుకు జారుతోంది, బూటు పెద్దది లేదా లేసు వదులు. మెట్ల మీద కాలి ముందుభాగం ఆనించి మడమ కిందికి దించండి. మడమ గుడ్డలోంచి ఊడి వస్తే ఆ జత వద్దు. మెట్లు దిగుతూ ప్రతి వేలి కొసనూ గమనించండి. ఒక్క వేలు గుద్దుకున్నా పది కిలోమీటర్ల దిగుడులో గోరు పోతుంది. ఆఖరున చేతివేలిని లోపల తిప్పి కుట్లు తడమండి. వేళ్ళ సందుల్లో గరుకుగా తగిలే కుట్టు నాలుగో కిలోమీటరుకి బొబ్బ అవుతుంది.

గుడ్డ కొంచెం సాగుతుంది, రబ్బరు సాగదు. "వాడితే సర్దుకుంటుంది" అన్న మాట పొడవు విషయంలో నమ్మకండి.

సాక్సు వేసుకునేట్టయితే ఇంజింజీ లాంటి పలచని వేళ్ళ సాక్సుతోనే తొడిగి చూడాలి. పొడి దారిలో దుమ్మునూ మొరం పొడినీ వేళ్ళ సందుల్లోకి రానివ్వకుండా సాక్సు కాపాడుతుంది. వాగులు దాటే దారిలో అదే సాక్సు ఇసుకను పట్టుకుని చర్మాన్ని ఒరిపిడి పెడుతుంది, అక్కడ లేకపోవడమే మేలు.

ఆరో అడుగు: కాలిని సిద్ధం చేయడం

అలిపిరి నుంచి 3,550 మెట్లూ చెప్పులు లేకుండా ఎక్కినవాళ్ళు తమ కాళ్ళు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయనుకోవచ్చు. అరికాలి చర్మం వరకు అది నిజమే. ఎముక, పిక్క సంగతి వేరు. నడకలో ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో ఒళ్ళంతా గాలిలోకి లేచి ఒక్క కాలి మీద దిగుతుంది. మడమ కింద ఎత్తు పోయింది కాబట్టి మడమ వెనక నరం ఎక్కువ సాగాలి, పిక్క ఎక్కువ పనిచేయాలి. కండ కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. ఎముక నెలలు తీసుకుంటుంది. ప్రమాదమంతా ఈ మధ్య కాలంలోనే: కాలు తేలికగా అనిపిస్తుంది, లోపల ఎముక ఇంకా సిద్ధం కాలేదు.

1, 2 వారాలు పరుగు లేదు. రోజుకు 20 నుంచి 30 నిమిషాలు ఈ బూట్లతో నడక. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ లేపడం సాధన చేయండి. నొప్పి లేకుండా ఒక్కో కాలికి 20 వచ్చాకే పరుగు.

3, 4 వారాలు చదునైన మట్టిదారిలో వారానికి రెండుసార్లు 1 కిలోమీటరు. కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు, అంటే పరుగు మొదట్లోనే ఇది చేయాలి. తర్వాత మామూలు షూ మార్చుకుని మిగతా దూరం పూర్తి చేయండి. అలసిపోయాక చివర్లో వీటిని వేసుకుంటే అడుగు బరువుగా పడుతుంది.

5, 6 వారాలు 2 కిలోమీటర్లు. 7, 8 వారాలు 3 కిలోమీటర్లు, ఎక్కుడు దారి కలపవచ్చు, దిగేటప్పుడు నడక. 9 నుంచి 12 వారాల్లో 4, ఆ పైన 5 కిలోమీటర్లు, దిగుడుతో కలిపి. ఎప్పుడూ వరసగా రెండు రోజులు వద్దు.

అడుగు చిన్నది చేయండి. అరనిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి మీ అడుగులు వస్తాయి. దాన్ని 5 నుంచి 10 శాతం పెంచండి. 160 ఉంటే 168 నుంచి 176 అన్నమాట. ముందుపాదం మీదే దిగాలని మునివేళ్ళ మీద పరిగెత్తకండి, ముందుభాగం తాకాక మడమ కూడా నేలకు ఆనాలి. ఆనకపోతే పిక్కలు రెండో రోజుకే బిగుసుకుపోతాయి.

పిక్కల్లో రెండు రోజుల సలుపు మామూలే. మడమ వెనక నరం పొద్దున లేవగానే బిగుసుకుని, నాలుగు అడుగులు వేసినా సర్దుకోకపోతే వారం వెనక్కి వెళ్ళండి. పాదం పైన, రెండో మూడో వేళ్ళ వెనక ఎముక మీద ఒకే ఒక్క చోట వేలితో నొక్కితే చురుక్కుమంటే పరుగు ఆ రోజే ఆపాలి. అది ఎముక పగులుకు ముందు గుర్తు కావచ్చు. ఎక్స్‌రేలో మొదటి రెండు వారాలు ఏమీ కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది" అని మళ్ళీ పరుగు మొదలుపెట్టకండి, నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకు ఆ మాటే చెప్పండి.

దారిలో జరిగేవి

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది చిటికెన వేలు వేరుకో తీగకో తగులుకోవడం. మామూలు షూ గుండ్రని ముక్కుతో పక్కకి జారిపోతుంది, ఇక్కడ వేలు విడిగా ఉంది కాబట్టి కొక్కెంలా పట్టుకుంటుంది. చూపు నాలుగైదు అడుగుల ముందుంచి, వేర్లున్న చోట కాలిని అంగుళం ఎక్కువ ఎత్తండి. అలసిన కాలు ఎత్తదు, కాబట్టి అలసిపోతే ఆ ముక్క నడిచేయండి. వేలికి దెబ్బ తగిలి వాచి, వంకరగా కనిపిస్తే పక్క వేలితో కలిపి టేపు చుట్టి నడుచుకుంటూ దిగాలి. టేపు, చిన్న పట్టకారు జేబులో ఉండాలి.

లోపలికి రాయి దూరితే తర్వాత తీద్దామనుకోకండి. అర కొసన చేరిన గింజంత మొరం కిలోమీటరులో చర్మం లేపుతుంది.

ఇంటికొచ్చాక

చల్లటి నీళ్ళు, కొంచెం సబ్బు పొడి, పాత టూత్ బ్రష్. ఒక్కో అరనూ వేలితో లోపలికి నెట్టి తోమాలి. నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఎండకు పెడితే సోల్ జిగురు వదులుతుంది. అరల్లోకి న్యూస్‌పేపరు చుట్టలు దూరిస్తే కొసన చెమ్మ పీలుస్తాయి. వానాకాలం ఆరని బూటు మళ్ళీ వేసుకుంటే వేళ్ళ సందులు నాని ఫంగస్ పడుతుంది. ఆ నెలల్లో రెండు జతలుంటే మంచిది.

సోల్‌లో ముల్లు విరిగితే పట్టకారుతో పూర్తిగా లాగేయండి. రబ్బరులో సూది బెజ్జం దానంతటదే మూసుకుంటుంది. మొన లోపల మిగిలితే ఎన్ని రోజులైనా అడుగడుక్కీ కొంచెం కొంచెం పైకి వస్తుంది. బొటనవేలి కొసన రబ్బరు గుడ్డనుంచి లేచిపోవడం మొదలైతే గరుకు కాగితంతో రుద్ది, సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రెండు వైపులా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి నొక్కి, రాత్రంతా బరువు పెట్టండి. వేళ్ళ సందులో కుట్టు తెగితే మాత్రం బయట కుట్టించకండి. ఆ కొత్త ముడి సరిగ్గా రెండు వేళ్ళ మధ్య ఒరుసుకుంటుంది. ఆ జతను ఇక నడకకే ఉంచుకోండి.